మా రోజుల్లో ఆపరేషన్‌కి ఎదురు డబ్బులిచ్చేవాళ్ళు

ఈ కాలం కుర్రాళ్ళకి ఏం చెప్పినా ముందు అడిగే మాట ఒకటే, ప్యాకేజీ ఎంత అని. పెళ్ళికి ప్యాకేజీ, పురుడికి ప్యాకేజీ, తిరపతి దర్శనానికి ప్యాకేజీ, ఆఖరికి దినవారాలకీ ప్యాకేజీయే. మొన్న మా తమ్ముడి మనవడు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, "పెద్దతాతయ్యా, మాకు ఇద్దరు పిల్లలు చాలు, నేను వేసెక్టమీ చేయించుకుందామనుకుంటున్నా, గుంటూరులో అయితే ఎంతవుతుంది?" అన్నాడు. ముందు మనసులో వాణ్ణి మెచ్చుకున్నాను. మా ఇంట్లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటానన్న మాట మగవాడి నోట విని ఎన్నేళ్ళయిందో! ఆ తర్వాత ఒళ్ళు మండింది. కొత్తపేటలో రెండు ఆసుపత్రుల వాళ్ళని అప్పటికే కనుక్కున్నాట్ట. ఒకళ్ళు చెప్పినదానికి రెండోవాళ్ళు చెప్పింది రెట్టింపట. ఆ తేడా ఎందుకొచ్చిందో తేల్చుకోలేక నాకు ఫోన్ చేశాడు.

నీ దుంపతెగ, ఆ ఆపరేషన్‌కి ఎంతవుతుందని కాదురా అడగాల్సింది, ఎంతిస్తారని అడగాలి. మా రోజుల్లో దానికి మనం డబ్బు కట్టడమనే ఊహే ఎవరికీ లేదు. ప్రభుత్వమే పిలిచి, చేసి, చేతిలో డబ్బు పెట్టి, రిక్షా ఎక్కించి పంపేది. ఇప్పటికీ అంతేనని నీకు చెప్పేవాడు లేక, గూగుల్‌లో వెతుక్కుని, ఎవడో పెట్టిన రేటు చూసి గుండెలు బాదుకుంటున్నావు.

నువ్వు పుట్టక ముందు సంగతి చెబుతా విను. జనాభా అదుపులో పెట్టడాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా పెట్టుకున్న మొదటి దేశం మనదే, 1952లో. కుటుంబ నియంత్రణ శాఖకి 1967లో మంత్రి అయినాయన శ్రీపతి చంద్రశేఖర్, మన రాజమండ్రిలో పుట్టినవాడే, జనాభా లెక్కల్లో పెద్ద పండితుడు. ఆపరేషన్ చేయించుకున్న మగవాడికి ఒక ట్రాన్సిస్టర్ ఇద్దామని ప్రతిపాదించింది ఆయనే. ట్రాన్సిస్టర్ అంటే నీకు తెలియదు. సైకిలు హ్యాండిల్‌కి తగిలించుకుని, పత్తిచేలో గట్టు మీద పెట్టుకుని విజయవాడ కేంద్రం పెట్టుకుంటే, పక్కచేలో కూలోళ్ళంతా వినేవాళ్ళు. ఒక్క రేడియో నలుగురు రైతులకీ సరిపోయేది. ఇప్పుడు ఒక మంచం మీద నలుగురు కూచుని నాలుగు ఫోన్లలో నాలుగు పాటలు, చెవుల్లో ఆ పుల్లలు పెట్టుకుని, ఒకడికి వినపడేది ఇంకొకడికి వినపడకుండా వింటున్నారు. సరే, ఎక్కడున్నాను? ట్రాన్సిస్టర్ దగ్గర. ఆ ట్రాన్సిస్టర్ ఊరూరా అందిందని నేను చెప్పను గానీ, మగవాడు ఈ పని చేస్తే దేశం వాడికి ఒక కానుక బాకీ పడుతుందనే ఆలోచన ఆ రోజుల్లో ఉండేది. అది చిన్న విషయం కాదు.

ఎక్కడ చూసినా కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణమే. ఆర్టీసీ బస్సు వెనక, బడి గోడ మీద, పంచాయతీ ఆఫీసు తలుపు మీద అదే. 1968లో నిరోధ్ కండోములు వచ్చాయి, మూడు పదిహేను పైసలు. అవి పల్లెలకి చేర్చింది ఎవరనుకున్నావు? బ్రూక్‌బాండ్ టీ కంపెనీ వాళ్ళూ, సబ్బుల కంపెనీల వాళ్ళూ. టీ పొడి ప్యాకెట్లు దించే బండిలోనే అవీ దిగేవి. కిరాణా కొట్టు శెట్టిగారు బెల్లం దిమ్మల వెనక పెట్టేవాడు. అడగడానికి సిగ్గుపడి వక్కపొడి కొనుక్కుని ఇంటికొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు పది నిమిషాల్లో గుమ్మం ముందుకి తెచ్చిస్తున్నారట. అయినా పని జరుగుతోందా అంటే లేదు, ఆపరేషన్ దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఆడపిల్లనే పంపిస్తున్నారు. అదే నా బాధ. దానికి తర్వాత వస్తాను.

నేను కొత్తగా మాస్టరుద్యోగంలో చేరిన రోజుల్లో మా బళ్ళో ఒక శిబిరం పెట్టారు. వేసవి సెలవులు. ఎనిమిదో తరగతి గదిలో బల్లలు రెండేసి కలిపి దుప్పట్లు పరిచారు. వరండాలో కిరసనాయిలు స్టౌ మీద అల్యూమినియం గిన్నెలో కత్తెరలు, సూదులు ఉడుకుతున్నాయి. డెట్టాలు వాసన బజారు దాకా కొడుతోంది. మగవాళ్ళు పంచె ఎగదోపుకుని వేపచెట్టు కింద వరసగా కూచున్నారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా. లోపలికి పోయినవాడు బీడీ కాల్చినంత సేపట్లో బయటికొచ్చేవాడు. కాంపౌండరు బన్ను, టీ ఇచ్చి, వేలిముద్ర వేయించుకుని, డబ్బు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బుతో సాయంత్రం కొట్టు బాకీ తీర్చినవాళ్ళని నేను చూశాను. ప్యాకేజీ లేదు, అడ్వాన్సు లేదు, టోకెన్ నంబరు లేదు.

ఎర్నాకుళం సంగతి వినలేదా? 1971లో అక్కడి కలెక్టరు కృష్ణకుమార్ ఒక్క నెల రోజుల శిబిరంలో 63,000 మంది మగవాళ్ళకి ఆపరేషన్లు చేయించాడు. లోకమంతా వచ్చి చూసిపోయింది. ఆ రోజుల్లో దేశంలో జరిగే కుటుంబ నియంత్రణ ఆపరేషన్లలో ఎక్కువ మగవాళ్ళవే. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు, లెక్కల్లో ఉంది. ఇంటికి పెద్దననుకునేవాడు, భారం కూడా తనే మోసేవాడు.

అయితే మా రోజులన్నీ బంగారమని నేను బుకాయించను. ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద 82 లక్షల ఆపరేషన్లు జరిగితే, అందులో 62 లక్షలు మగవాళ్ళవి. అన్నీ ఇష్టపడి చేయించుకున్నవి కావు. ఉత్తరాదిన మాస్టర్లకి కోటాలు పెట్టి, కేసులు తేకపోతే జీతాలు ఆపారు. బస్సుల్లోంచి దించి ఎత్తుకుపోయారు. పెళ్ళికాని వాళ్ళనీ, ముసలివాళ్ళనీ కోసేశారు. మన దగ్గర అంత ఘోరం జరగలేదు. జరిగి ఉంటే 1977 ఎన్నికల్లో ఉత్తరాదంతా తుడిచిపెట్టుకుపోయిన కాంగ్రెస్‌కి ఇక్కడ 42 సీట్లలో 41 వచ్చేవి కావు. కానీ పుకారుకి రైలు టికెట్టు అక్కర్లేదు గదా. జీపు శబ్దం వినపడితే మగాళ్ళు మిరపచేలల్లో దాక్కున్న రోజులవి. మరుసటి ఏడాదికి దేశం మొత్తం మీద మగవాళ్ళ ఆపరేషన్లు రెండు లక్షల లోపుకి పడిపోయాయి. శాఖ పేరు కూడా మార్చేశారు, కుటుంబ నియంత్రణ పోయి కుటుంబ సంక్షేమం అయింది. అంతే, మగవాడు ఆ రోజు బల్ల దిగి పారిపోయినవాడు మళ్ళీ ఎక్కలేదు. ఆ బల్ల మీదికి ఆడదాన్ని ఎక్కించాడు.

ఇప్పుడు లెక్క చెబుతాను, నీకు లెక్కలంటే ఇష్టం గదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్ళే. దేశం మొత్తం మీద ఇంతమంది ఇంకే పెద్ద రాష్ట్రంలోనూ లేరు. మగవాళ్ళ ఆపరేషన్ ఎంతనుకున్నావు? నూటికి అరమంది కూడా లేరు. మన పల్నాట్లో, ప్రకాశంలో పదిహేడో పద్దెనిమిదో ఏట పెళ్ళి, ఇరవై రెండుకి ఇద్దరు పిల్లలు, పాతికేళ్ళు నిండకుండానే ఆపరేషన్. ఆ తర్వాత నలభై రాకుండానే గర్భసంచి తీయించడం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశంలో మన రాష్ట్రంలోనే ఎక్కువని అదే సర్వే చెబుతోంది. ఆ అమ్మాయిల మీద ఎన్ని కత్తులు పడుతున్నాయో చూడు.

పోనీ ఆడవాళ్ళ ఆపరేషన్ తేలికా? పొట్ట తెరవాలి, లేదా పొట్టలోకి గాలి కొట్టి గొట్టం దించాలి. మత్తు పెద్దది, ప్రమాదమూ పెద్దది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి చేస్తే 13 మంది తల్లులు పోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ శిబిరాల పద్ధతే మానేయమంది. అయినా 2022 ఆగస్టు 25న మన హైదరాబాద్ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజున 34 మందికి చేశారు, నలుగురు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ నలుగురి మొగుళ్ళూ ఆసుపత్రి బయట చెట్టు కింద కూచుని ఉంటారు గదా అనిపించింది. పావుగంట పని, సూది మత్తుతో అయిపోయేది, వాళ్ళలో ఎవడైనా చేయించుకోవచ్చు. ఎవడూ అడగలేదు, ఎవడికీ ఎవరూ చెప్పలేదు.

మగవాడి ఆపరేషన్‌లో ఏముందో తెలుసా? మిరపతోటకి నీళ్ళు పెట్టేటప్పుడు పిల్లకాలవకి మడవ కడతాం చూశావా, అంతే. వీర్యకణాలు వచ్చే సన్నటి గొట్టాలు రెండుంటాయి, వాటిని కత్తిరించి కట్టేస్తారు. తోట ఎండదు, కాలవ పారుతూనే ఉంటుంది, ఆ ఒక్క పాయ మాత్రం ఆగుతుంది. ఇప్పుడైతే కోత కూడా లేదు. 1974లో చైనాలో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు, కత్తి పెట్టకుండా చర్మానికి చిన్న రంధ్రం చేసి ఆ గొట్టాన్ని పైకి తీసి కట్టే పద్ధతి కనిపెట్టాడు. మన ఆరోగ్యశాఖ వాళ్ళు కోత లేని, కుట్టు లేని వేసెక్టమీ అంటారు. మా రోజుల్లో రెండు కోతలు, కుట్లు, వారం రోజులు వంకర నడక ఉండేవి. మీకు అదీ లేదు. అయినా మీకే భయం ఎక్కువ.

బలం పోతుందంటారు. మా మిర్చి యార్డులో హమాలీలతో మాట్లాడితే అందరిదీ ఇదే మాట. నలభై కిలోల పైన ఉండే టిక్కీ బస్తా వీపు మీద వేసుకుని లారీ ఎక్కాలి, ఆపరేషన్ చేయించుకుంటే ఇంక మొయ్యలేమని. ఎవడు పుట్టించాడో ఈ మాట, యాభై ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. కండబలానికీ ఆ గొట్టాలకీ సంబంధం లేదు. మగతనానికీ లేదు, ఆ హార్మోను రక్తంలో తిరుగుతుంది, గొట్టంలో కాదు. రెండు రోజులు ఇంట్లో పడుకుని, వారం రోజులు బరువులెత్తకపోతే చాలు. మా బళ్ళో వేపచెట్టు కింద కూచున్నవాళ్ళలో ఒకాయన ఆ తర్వాత ముప్పై ఏళ్ళు పత్తిబేళ్ళు మోశాడు, ఎనభై దాటి బతికాడు. ఇప్పుడు జిమ్ముకెళ్ళి ఇనుపచక్రాలు ఎత్తే మనవళ్ళకే అనుమానాలు.

ఇంక డబ్బు సంగతి. దానికోసమే గదా నువ్వు ఫోన్ చేసింది. 1976 మేలో ఒక లెక్క పెట్టారు. ఇద్దరు పిల్లలతో ఆపితే 150 రూపాయలు, ముగ్గురితో అయితే 100, నలుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే 70. ఆ ఏడాది పది గ్రాముల బంగారం 500 రూపాయల లోపే. అంటే 150 రూపాయలకి మూడు గ్రాముల పైనే వచ్చేది, ఆడపిల్ల చెవికి కమ్మలు చేయించొచ్చు. ఇప్పుడెంతిస్తున్నారు? 2007లో మగవాడికి 1,100 చేశారు. 2014లో పదకొండు రాష్ట్రాలకి దాన్ని 2,000కి పెంచారు. ఆ పదకొండింటిలో మనం లేం. మన దగ్గర అప్పటికే జననాలు తగ్గిపోయాయని. తగ్గించింది ఎవరు? మన ఆడవాళ్ళు. ఆ తగ్గించినందుకు బహుమతి ఇదన్నమాట. ఆ 1,100కి ఇవాళ గురిగింజెత్తు బంగారం రాదు. ఆడవాళ్ళకైతే తెల్లకార్డు ఉంటే 600, లేకపోతే 250. మగవాడి చిన్న పనికి ఎక్కువా, ఆడదాని పెద్ద పనికి తక్కువా ఎందుకు పెట్టారంటే, ఆ ఎక్కువ డబ్బుకైనా మగాడు కదులుతాడని. కదల్లేదు.

అయినా ఆ డబ్బు కోసం పొమ్మని నేను చెప్పడం లేదు. ప్రభుత్వాసుపత్రిలో అసలు ఖర్చే లేదు. గుంటూరు పెద్దాసుపత్రి ఉంది, ఒంగోల్లో రిమ్స్ ఉంది, ఏరియా ఆసుపత్రులున్నాయి. డాక్టరు ఫీజు లేదు, మందులకి లేదు, పరీక్షలకి లేదు. నీ ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సు పట్టుకుపోవడమే, డబ్బు ఖాతాలో పడుతుంది. ముందుగా ఊళ్ళో ఆశా అమ్మాయినో, ఏఎన్ఎమ్‌నో అడిగితే ఏ రోజున ఈ ఆపరేషన్ చేసే డాక్టరు ఉంటాడో కనుక్కుని చెబుతుంది. ఈ ఒక్కటీ మాత్రం కనుక్కునే వెళ్ళు, ఎందుకంటే మగవాళ్ళు ఎవరూ రాక ఆ పని చేతికి అలవాటున్న డాక్టర్లే తగ్గిపోయారు. నీకు పెళ్ళయి ఉండాలి, వయసు అరవై లోపు ఉండాలి, ఒక బిడ్డకైనా ఏడాది నిండి ఉండాలి. భార్య సంతకం అక్కర్లేదు. రూలు ప్రకారం అక్కర్లేదు గానీ, ఆ పిల్లకి చెప్పకుండా చేయించుకుంటే మాత్రం నా గుమ్మం తొక్కకు.

లేదు తాతయ్యా, నాకు ఏసీ గది కావాలంటావా? సరే నీ డబ్బు, నీ ఇష్టం. కొత్తపేటకే పో. కానీ ఆ చీటీ చదవడం నేర్చుకో. మా రోజుల్లో డాక్టరు బల్ల మీద ఎంత పెడితే అంత తీసుకునేవాడు, తర్వాత ఇస్తానంటే సరేననేవాడు. ఇప్పుడు బిల్లు మూడు పేజీలు. ఓపీ ఫీజు, రక్తపరీక్షలు, డాక్టరు ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ, గది అద్దె, నర్సింగు చార్జీ, మందులు, చేతి తొడుగులు కూడా వేరే. నీకు రెండు ఆసుపత్రుల్లో రెట్టింపు తేడా ఎందుకొచ్చిందంటే ఇక్కడే వచ్చింది. ఒకళ్ళు సూది మత్తుతో చేసి మధ్యాహ్నానికి పంపించేస్తారు. ఇంకొకళ్ళు పూర్తి మత్తిచ్చి, రాత్రి ఉంచుకుని, రెండు రోజుల గది అద్దె రాస్తారు. ఈ పనికి పూర్తి మత్తు సాధారణంగా అక్కర్లేదు, రాత్రి ఉండక్కర్లేదు. అందుకని లోపలికి పోకముందే అడుగు: సూది మత్తేనా, అదే రోజు ఇంటికి పంపుతారా, చెప్పిన డబ్బులో రక్తపరీక్షలూ మందులూ కలిశాయా, మూడు నెలల తర్వాత చేసే వీర్యపరీక్ష కలిసిందా లేదా. నోటితో చెబితే కాదు, కాగితం మీద రాయించుకో. మిరపకాయలు అమ్మేటప్పుడు తరుగు ఎంత తీస్తావని ముందే అడగమా? ఇక్కడెందుకు మొహమాటం?

నీకు కంపెనీ ఇచ్చిన ఆరోగ్యబీమా ఉంది గదా, అది కడుతుందిలే అనుకుంటున్నావేమో. చాలామంది అనుకుంటారు. మన దేశంలో మామూలు పాలసీల్లో గర్భం రాకుండా చేసే ఆపరేషన్లు మినహాయింపుల జాబితాలో ఉంటాయి. మళ్ళీ కలిపే ఆపరేషన్ కూడా అందులోనే. ఆ చిన్న అక్షరాలు నీ తరం చదవదు, కింద టిక్కు పెట్టి ముందుకి పోతుంది. కొన్ని కంపెనీలు తమ ఉద్యోగుల కోసం విడిగా ఏర్పాటు చేసుకుంటాయి, మీ ఆఫీసులో కనుక్కో. డాలస్‌లో మా మేనల్లుడి కొడుకు ఉన్నాడు. అమెరికాలో కూడా ఇదే తంతు అన్నాడు. అక్కడ 2010లో చేసిన ఆరోగ్య చట్టం కింద ఆడవాళ్ళ ఆపరేషన్‌కి బీమా కంపెనీ పూర్తిగా కట్టాలట, మగవాళ్ళదానికి మాత్రం ఆ నియమం లేదట. ఇల్లినాయ్, మేరీల్యాండ్ లాంటి కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టం చేసుకున్నాయి. అంత పెద్ద దేశంలో కూడా ఖర్చు లేకుండా బల్ల ఎక్కగలిగేది ఆడదే. ఇంగ్లండులో అయితే ప్రభుత్వ వైద్యంలో ఊరికే చేస్తారు, అక్కడ మగవాళ్ళు బాగానే చేయించుకుంటారు. అంతదాకా ఎందుకు, మన పక్కనున్న భూటాన్‌లో మగవాళ్ళు చేయించుకుంటారు. కరీంనగర్ వైపు కూడా ఈ కోతలేని పద్ధతి వచ్చాక బాగానే ముందుకొచ్చారు. అక్కడి మగవాళ్ళు బరువులు మోయడం లేదా?

డబ్బు ఖర్చు పక్కన పెట్టు, పని ఖర్చు చూడు. మాకు, అంటే ప్రభుత్వోద్యోగులకి, 1968 నుంచి ఒక జీవో ఉంది. మగవాడు వేసెక్టమీ చేయించుకుంటే ఆరు పనిదినాలు స్పెషల్ క్యాజువల్ లీవు. ఆడవాళ్ళు ట్యూబెక్టమీ చేయించుకుంటే పద్నాలుగు రోజులు. ప్రభుత్వమే ఒప్పుకుంది, ఆడదాని ఒంటికి రెట్టింపు పైన పడుతుందని. మరి మిరపకోతకి పోయే కూలిమనిషికి ఎవడిస్తాడు ఆ సెలవు? మన చేలల్లో ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ కోతలు కోసేదంతా ఆడవాళ్ళే. పొద్దున్నే వెళ్ళి, ఎండలో వంగి, వేళ్ళు మండుతుంటే కాయ తుంచేది వాళ్ళు. కోతల్లో రెండు వారాలు ఇంట్లో కూచుంటే ఆ ఏడాది సంపాదనలో ఎంత పోతుంది? అదే మొగుడు చేయించుకుంటే రెండు రోజులు కూలి పోతుంది. మూడో రోజు వెళ్ళి తేలిక పని చేసుకోవచ్చు. ఈ లెక్క ఏ ఆసుపత్రి బిల్లులోనూ రాయరు, అందుకని నీ తరం దాన్ని లెక్కలోకి తీసుకోదు. మా తరం తీసుకుందా అంటే, కొందరం తీసుకున్నాం, భయపడ్డ వాళ్ళే ఎక్కువమంది.

ఇంక ఇప్పుడు ఇంకో వింత. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో పెట్టారు. ఆ భయంతో సర్పంచి కావాలనుకున్న మగాడు కూడా ఆపరేషన్‌కి పెళ్ళాన్నే పంపాడు. 2024 నవంబరులో ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు ముఖ్యమంత్రిగారే ఎక్కువమందిని కనమంటున్నారు, ముసలివాళ్ళు పెరిగిపోతున్నారని, పనిచేసే చేతులు తగ్గుతున్నాయని. మా రోజుల్లో వద్దు వద్దని జీపుల్లో తిరిగి అరిచారు, ఇప్పుడు కనండి కనండి అంటున్నారు. ఎవరేమన్నా ఎంతమందిని కనాలో మొగుడూ పెళ్ళాం కూచుని తేల్చుకోవాల్సిన మాట. తేల్చుకున్నాక, ఎవరు బల్ల ఎక్కాలన్నది మాత్రం మగవాడే ముందు ఎత్తాలి. నువ్వు ఎత్తావు. అందుకే నీమీద ఇంత అరుస్తున్నా.

ఒకటి మాత్రం గట్టిగా ఆలోచించుకో. ఇది తెంపి మళ్ళీ కలుపుకునే పని కాదు. కలిపే ఆపరేషన్ ఉంది, మైక్రోస్కోపు పెట్టి వెంట్రుకకన్నా సన్నటి దారంతో కుడతారు, గంటలు పడుతుంది, ఖర్చు చాలా ఎక్కువ, ఫలితం చేతికొస్తుందన్న గ్యారంటీ లేదు. 2004 సునామీలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి తమిళనాడు ప్రభుత్వం సొంత ఖర్చుతో ఆ ఆపరేషన్లు చేయించింది. అంత కష్టం వస్తే తప్ప ఎవరూ ఆ దారి తొక్కరు. రేపు మనసు మారుతుందేమో అన్న అనుమానం గోరంత ఉన్నా ఇప్పుడు వద్దు. కాపర్ టీ ఉంది, నిరోధ్ ఉంది.

చేయించుకున్నాక ఇంకో తప్పు చేసేవాళ్ళు చాలామంది. బల్ల దిగిన రోజు నుంచే నాకేం భయం లేదనుకుంటారు. గొట్టంలో ముందే ఉన్న కణాలు ఎక్కడికి పోతాయి? మూడు నెలల దాకా నిరోధ్ వాడాలి. తర్వాత వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవని కాగితం ఇచ్చాకే నమ్మాలి. మా రోజుల్లో ఈ మాట ఎవరూ సరిగ్గా చెప్పలేదు. డబ్బిచ్చి పంపారు, లెక్కలో ఒక కేసు రాసుకున్నారు, అంతే. ఆపరేషనయ్యాక కూడా భార్య నెల తప్పితే, ఆ ఇంట్లో ఆవిడ మీద పడ్డ నింద ఎంతటిదో నాకు తెలుసు. తప్పు డాక్టరుదీ కాదు, ఆవిడదీ కాదు, మూడు నెలలు ఆగమని చెప్పకపోవడంలో ఉంది. ఒకవేళ నిజంగానే ఆపరేషన్ ఫెయిలైనా ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో చేయించుకున్నవాళ్ళకి పరిహారం ఇచ్చే పథకం ఉంది. అది కూడా కోర్టుల దాకా పోతేనే వచ్చింది. దానికి కావలసింది ఆ కాగితాలే. మీ తరం ఫోన్లో ఫొటో తీసి ఫోన్ పోగొట్టుకుంటుంది. జిరాక్సు తీసి మీ ఆవిడకొకటి ఇవ్వు, బీరువాలో పెడుతుంది.

శుక్రవారం చేయించుకుంటే శని, ఆదివారాలు పడుకోవచ్చు. సోమవారానికి మీ ఆఫీసు పని ఇంట్లోంచే చేసుకుంటావు గదా, సెలవు అడిగే అవసరం కూడా రాదు. బిగుతుగా ఉండే లంగోటీ రెండు కొనుక్కో, పట్నంబజారులో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో తెప్పించి సైజు సరిపోలేదని మళ్ళీ వెనక్కి పంపుతూ కూచోకు. వాపు కొంచెం ఉంటుంది, ఐసుముక్క గుడ్డలో చుట్టి పెట్టు. జ్వరం వచ్చినా, వాపు రోజురోజుకీ పెరిగినా, చీము కనపడినా ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పో. వారం దాకా బైకు ఎక్కకు. పిల్లల్ని ఎత్తుకోవద్దని చెబితే ఆ చిన్నది ఏడుస్తుంది, మీ అమ్మని రమ్మని చెప్పు, నాలుగు రోజులు చూసుకుంటుంది. అసలు మీ ఇంటికి ఆవిడ వచ్చి ఎన్నాళ్ళయింది? టికెట్టు నువ్వే తియ్యి.